చాప మీది కొలువు

మిర్యాలగూడలో నొప్పులకు కొదవ లేదు. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండు పంటలకూ వంగి నాట్లేసే ఆడవాళ్ల నడుములు, కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల వడ్ల బస్తాలను లారీకెక్కించే హమాలీల భుజాలు, ఆ లారీలను మిల్లు గేటు దాకా తోలి వరుసలో రాత్రంతా కూర్చునే డ్రైవర్ల మెడలు, సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిపై తెల్లవార్లూ బస్సు నడిపేవాళ్ల పిక్కలు. వీటన్నిటికీ దొరికే వైద్యం దాదాపు ఒకటే. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మందుల షాపులో రెండు నొప్పి గోలీలు, పడుకునే ముందు కాస్త బామ్. గోలీలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకు చేటని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. చెప్పినంత మాత్రాన నడుము ఊరుకోదు కదా.

అదే ఊళ్లలో చూపులేని యువకుడికి ఉన్న దారులు ఇంకా తక్కువ. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలైంది. ప్రభుత్వ కొలువుల్లో రిజర్వేషన్ ఉన్న మాట నిజమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మొత్తం 4 శాతం ఇస్తే, అందులో అంధులకు, చూపు బాగా మందగించినవాళ్లకు కలిపి వచ్చేది 1 శాతం. నోటిఫికేషన్ పడితే ఆశ, పడకపోతే ఎదురుచూపు. పది పాసవకుండా ఆగిపోయినవాళ్లకు ఆ ఎదురుచూపు కూడా లేదు. గుంటూరు, సికింద్రాబాద్ లైనులో జనరల్ పెట్టె ఎక్కే ప్రయాణికులకు, మెడలో చిన్న స్పీకరు తగిలించుకుని ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి పాటలు పాడుకుంటూ వెళ్లే జంటలు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు.

ఒకవైపు పట్టేసిన ఒళ్లు, ఇంకోవైపు పని దొరకని చేతులు. ఈ రెంటినీ కలిపే విద్య ఒకటి ఆసియాలో చాలాచోట్ల ఎప్పటి నుంచో ఉంది. అంధులకు మర్దన నేర్పడం. అందులోనూ థాయ్‌లాండ్ సంప్రదాయ మర్దన మన ఉమ్మడి నల్గొండ ప్రాంతానికి, మన చిన్న పట్టణాల మర్యాదలకు చక్కగా ఇమిడే పద్ధతి. దాన్ని ఇక్కడి అంధులకు పద్ధతిగా నేర్పాలి. అయితే జాలితో పెట్టే చిన్న శిబిరంలా కాదు, పరీక్ష, పట్టా ఉన్న వృత్తిలా.

మర్దన మాటెత్తగానే వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో స్పాలపై పోలీసుల దాడులు, క్రాస్ మసాజ్ పేరుతో కేసులు, నిర్వాహకుల అరెస్టులు పత్రికల్లో తరచూ కనిపించే వార్తలు. ఆ మచ్చ చిన్న ఊళ్ల దాకా పాకింది. సూర్యాపేటలో మసాజ్ సెంటర్ పెట్టుకుంటాం, మడిగె అద్దెకివ్వమంటే యజమాని ముఖం ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు. పిల్లను ఆ పనికి పంపమంటే తల్లిదండ్రులు మొదట తలుపే వేసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఇక్కడే థాయ్ పద్ధతి అక్కరకొస్తుంది. అందులో బట్టలు విప్పే పని లేదు. వదులైన లాల్చీ, పైజామా వేసుకుని నేల మీద పరుపులాంటి చాపపై పడుకుంటే చాలు. నూనె లేదు, ఎత్తు బల్ల లేదు, తలుపు మూసిన గది అంతకన్నా అక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో ఒకే హాలులో వరుసగా చాపలు పరిచి పక్కపక్కనే పదిమందికి చేస్తారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తూనే ఉంటారు. పట్టపగలు, తలుపులు బార్లా తీసి, రోడ్డు మీదికి కనబడేట్టు చేసే పనిలో గుట్టు ఎక్కడిది? మన దగ్గర మర్దనకు అంటిన మచ్చ సగం ఆ మూసిన తలుపు వల్లే అంటింది. తలుపు తీస్తే సగం పోతుంది. మిగతా సగం సంగతి తర్వాత చూద్దాం.

చూపులేని పనివాడికి కూడా ఇదే ఏర్పాటు అనువు. నూనె సీసా ఎక్కడుందో తడుముకోవక్కర్లేదు. చాప ఎప్పుడూ ఒకే చోట, మనిషి ఎప్పుడూ ఒకే దిక్కున తలపెట్టి పడుకుంటాడు. పాదం చేతికందిందంటే అక్కడి నుంచి మోకాలెంత దూరమో, తుంటి ఎముక ఎక్కడో, వెన్ను పక్కన కండ ఎంత మందమో వేళ్లే చెబుతాయి. పనిముట్లు రెండు బొటనవేళ్లు, అరచేతులు, మోచేతులు, మోకాళ్లు, పాదాలు. కొనాల్సింది ఒక చాప, ఉతికిన దుప్పట్లు.

ఈ విద్య పట్టుబడే తీరును కాస్త దగ్గర నుంచి చూస్తే దీని మీద గౌరవం పెరుగుతుంది. మొదలు పాదాల దగ్గరే. శిష్యుడు కింద మోకాళ్లూని కూర్చుంటాడు. మోచేతులు వంగకూడదు. బొటనవేలితో పొడిచినట్టు నొక్కితే గురువు వెంటనే ఆపేస్తాడు. బలం వేలిది కాదు, ఒంటి బరువుది. నడుము నుంచి ముందుకు ఒరిగితే ఆ బరువు భుజంలోంచి, తిన్నటి చేతిలోంచి వేలికి దిగుతుంది. వెనక్కి ఒరిగితే వదులుతుంది. అందుకే 45 కిలోల అమ్మాయి కూడా బస్తాలు మోసే మనిషి తొడను నొక్కగలదు. వేలితో నొక్కే అలవాటు పడ్డవాళ్ల బొటనవేలి కీలు త్వరగా పాడైపోతుంది, దాంతోపాటు బతుకుతెరువూ పోతుంది. చూపున్న శిష్యుడు గురువు చేతులు చూసి నేర్చుకుంటాడు. చూపులేని శిష్యుడు మూడు రకాలుగా నేర్చుకుంటాడు. ముందు తనే చాప మీద పడుకుని ఆ నొక్కు ఎలా ఉంటుందో ఒంటితో తెలుసుకుంటాడు. తర్వాత గురువు చేతి మీద తన చెయ్యి వేసి దాని వెంట పోతాడు. ఆపైన తన చేతి మీద గురువు చెయ్యి ఉండగా తాను చేస్తాడు. నిజానికి చూపున్నవాళ్లకూ ఇలాగే నేర్పితే మేలు. కాలి లోపలి వైపు గీత వెంట చీలమండ నుంచి పైకి వెళ్లేటప్పుడు మోకాలి చిప్ప మీద నొక్కకుండా దాటాలి. కింది మనిషి ఊపిరి వదిలేటప్పుడు నొక్కాలి, పీల్చేటప్పుడు వదలాలి. ఊపిరి కంటికి కనబడేకన్నా చెవికి, చేతికి బాగా తెలుస్తుంది.

అలాగని చూపు పోయినవాళ్లకు దేవుడు వేళ్లలో ప్రత్యేకంగా ఏదో పెట్టాడని చెప్పుకోవడం మంచిది కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో అంధుల వేలికొసల స్పర్శ చూపున్నవాళ్లకన్నా సూక్ష్మమని తేలింది. పెదవుల దగ్గర మాత్రం ఆ తేడా లేదు. బ్రెయిల్ చదివే వేలికి ఆ నేర్పు మరీ ఎక్కువ. అంటే అది వరం కాదు, సాధన. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, ఎలాగూ పుట్టుకతో వచ్చిన విద్యే కదా అని పది రోజుల శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపేస్తారు. మన దగ్గర స్వయం ఉపాధి శిక్షణలు ఎక్కువగా చెడేది అక్కడే.

థాయ్ మర్దన పరాయిదన్న అభ్యంతరం రావచ్చు. ఆ విద్య నేర్చినవాళ్లు పని మొదలుపెట్టే ముందు తలుచుకునే ఆదిగురువు ఎవరో తెలిస్తే ఆ మాట అనరు. ఆయన జీవకుడు. రాజగృహంలో పుట్టి తక్షశిలలో చదివి బుద్ధుడికి వైద్యం చేసిన మగధ వైద్యుడు. ఆయనే ఈ మర్దన కనిపెట్టాడనడానికి చారిత్రక ఆధారాలేం లేవు. బౌద్ధంతో పాటు భారతీయ వైద్యం అటు నడిచిందని చెప్పడానికి మాత్రం ఆ ప్రార్థన చాలు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయాన్ని 19వ శతాబ్దంలో మూడో రామా రాజు పునరుద్ధరించినప్పుడు ఒంట్లోని నాడీ రేఖల బొమ్మలను, నొక్కాల్సిన చోట్లను రాతి ఫలకాల మీద చెక్కించారు. ఎవరైనా వచ్చి చదువుకునేలా గోడకెక్కించిన పాఠ్యపుస్తకమది. ఆ ఆలయ శాసనాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 2019లో థాయ్ మర్దననే మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

మిర్యాలగూడకు మరీ దూరం కాని నాగార్జునకొండ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 3వ శతాబ్దపు శాసనం ఒకటి అక్కడి విహారంలో జ్వరం నుంచి కోలుకునేవాళ్ల కోసం ఒక గృహం ఉండేదని సూచిస్తుంది. రోగిని చేత్తో తాకి సేవ చేయడం ఈ గడ్డకు కొత్త కాదు. బాలింతకు ఒళ్లు పట్టి వేడినీళ్లు పోసే మంత్రసాని, తలకు నూనె పెట్టి మర్దన చేసే మంగలి, విరిగిన చెయ్యికి కట్టుకట్టే పుత్తూరు వైద్యులు మనకు తెలిసినవాళ్లే.

ఇక అంధుల సంగతి. థాయ్‌లాండ్‌లో వాళ్ల కోసం తొలి బడిని 1939లో బ్యాంకాక్‌లో పెట్టింది జెనీవీవ్ కాల్‌ఫీల్డ్ అనే అమెరికన్ మహిళ. ఆమెకూ చూపు లేదు. థాయ్ భాషకు బ్రెయిల్ లిపిని కుదిర్చింది కూడా ఆమే. 1961లో రామన్ మెగసెసే అవార్డు అందుకుంది. ఇప్పుడు బ్యాంకాక్, చియాంగ్ మాయి వంటి నగరాల్లో అంధులు మర్దన చేస్తారని బోర్డు పెట్టుకున్న దుకాణాలు మామూలు దృశ్యం. చియాంగ్ మాయిలోనైతే మహిళా జైలు ఖైదీలకు కూడా ఇదే విద్య నేర్పి, మర్దన కేంద్రం నడుపుతున్నారు. నేపాల్‌లో, కాంబోడియాలో అంధుల మర్దన కేంద్రాలు పర్యాటకుల మీద ఆధారపడి నిలదొక్కుకున్నాయి. టిబెట్‌లోని లాసాలో అంధుల బడి పెట్టిన జర్మన్ మహిళ సాబ్రియే టెన్‌బెర్కెన్, పెద్ద తరగతుల పిల్లలకు నేర్పించిన వృత్తుల్లో ఇదొకటి. తనూ చూపులేని ఆమె తర్వాత తిరువనంతపురంలో కాంతారి సంస్థ నెలకొల్పింది.

జపాన్ కథ ఇంకా పాతది. 1610లో పుట్టిన సుగియామా వాయిచి చిన్నతనంలోనే చూపు కోల్పోయాడు. ఆక్యుపంక్చర్ నేర్చుకోబోతే చెయ్యి తిరగడం లేదని గురువు వెళ్లగొట్టాడు. ఎనోషిమా దీవిలో ఉపవాసముండి తిరిగొస్తూ తట్టుకుని పడ్డాడని, అప్పుడు చేతికి చుట్ట చుట్టుకున్న ఆకులో దూరిన సూదిలాంటిది తగిలిందని ఒక కథ. కథ ఎలా ఉన్నా, సూదిని సన్నని గొట్టంలో పెట్టి గుచ్చే పద్ధతి ఆయన తెచ్చిందే. చూపు అక్కర్లేకుండా సూదిని సరైన చోట నిలబెట్టే ఆ ఉపాయాన్ని ఇవాళ చూపున్న వైద్యులు ప్రపంచమంతా వాడుతున్నారు. షోగున్ సుగియామాను ఆదరించాడు. 1680ల్లో అంధులకు ఆక్యుపంక్చర్, మర్దన నేర్పే బడి వెలిసింది. ఇప్పటికీ జపాన్‌లో ఈ వృత్తికి మూడేళ్ల చదువు, దేశవ్యాప్త పరీక్ష ఉన్నాయి. చూపున్నవాళ్ల కోసం కొత్త మర్దన బడులు పుట్టుకొచ్చి అంధుల పొట్ట కొట్టకుండా 1964లో చట్టంలో ఒక అడ్డుకట్ట కూడా కట్టారు. దాన్ని కొట్టేయాలని ఒక విద్యాసంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో కోర్టు అడ్డుకట్ట సబబేనంది.

దక్షిణ కొరియా మరో అడుగు ముందుకేసింది. అక్కడ మర్దన వృత్తి లైసెన్సు చూపులేనివాళ్లకే. 2006 మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. ఎవరికి నచ్చిన వృత్తి వాళ్లు చేసుకునే స్వేచ్ఛకు అది అడ్డని తీర్పు. అంధులు సియోల్‌లోని మాపో వంతెన మీద బైఠాయించారు. ఈ పని తప్ప మాకు వేరే బతుకు చూపించండని నినదిస్తూ కొందరు హాన్ నదిలోకి దూకారు. కొన్ని నెలల్లోనే పార్లమెంటు ఆ హక్కును ఈసారి నేరుగా చట్టంలోనే రాసిపెట్టింది. మళ్లీ కేసు. 2008 అక్టోబరు 30న అదే న్యాయస్థానం ఈసారి చట్టం చెల్లుతుందని చెప్పింది. ఆ మర్నాడే, అక్టోబరు 31న, తైవాన్ రాజ్యాంగ న్యాయమూర్తులు సరిగ్గా ఇలాంటి తమ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించి, మూడేళ్లలో అది రద్దవుతుందన్నారు. ఒక్క రోజు తేడాలో ఒకే ప్రశ్నకు రెండు దేశాల్లో రెండు జవాబులు. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది గుత్తహక్కు అడగడం కాదు. కొరియాలో చట్టం అంత గట్టిగా ఉన్నా లైసెన్సు లేని మర్దన దుకాణాలు వీధివీధినా వెలిశాయి. కాగితం మీది హక్కును కాపలా కాసే మనిషి ఉండాలి. పైగా మన దగ్గర నాయీ బ్రాహ్మణులున్నారు, ఆయుర్వేదం చేసే కేరళవాళ్లున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు. వాళ్ల నోటి దగ్గరి కూడు లాగి అంధులకు పెట్టడం న్యాయం కాదు, జరిగే పనీ కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది నీ కోసం దాచిపెట్టిన పని అనడంలో, నువ్వు ఈ పనే చేయాలి అన్న ఆజ్ఞ దాక్కుని ఉంటుంది. కొరియా, జపాన్ అంధ యువతలో వేరే చదువులు కోరుకునేవాళ్ల ఇబ్బంది అదే.

ఆ ఇబ్బంది మన దగ్గర ఇంకా పదునుగా తగులుతుంది. ఒంటిని తాకే పనులన్నిటికీ మన సమాజం కులం అంటగట్టింది. ఇంటర్ చదివిన చూపులేని కుర్రాడికి ఎవరి కాళ్లో పిసికే పని నేర్పుతామంటే కోపం రావడం సహజం. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా, ఇంటర్‌లో సైన్సు తీసుకోవడానికే కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆయన ఎంఐటీలో చదివి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. మన ఇంటర్ కుర్రాడికి ఈ కథ తెలుసు, దాని మీద వచ్చిన సినిమా కూడా చూసి ఉంటాడు, అంటే విని ఉంటాడు. అతను బ్యాంకు పరీక్ష రాస్తానంటే రాయించాలి, కంప్యూటరు కోర్సు చేస్తానంటే చేయించాలి. మర్దన బడి ఆ తలుపులు మూయడానికి సాకు కాకూడదు. చైనా రచయిత బీ ఫేయ్‌యు రాసిన 'మసాజ్' నవల 2011లో ఆ దేశపు ప్రతిష్ఠాత్మక మావ్ డున్ బహుమతి గెలుచుకుంది. నాన్జింగ్‌లోని ఒక అంధుల మర్దన కేంద్రంలో జరిగే కథ అది. అందులో పాత్రలు ఒప్పుకోనిది ఒక్కటే, జాలి. డబ్బులకు తగ్గ పని చేస్తాం, పనికి తగ్గ డబ్బులివ్వండి అన్నట్టుంటుంది వాళ్ల తీరు.

పనికి తగ్గ డబ్బు అడగాలంటే పని పక్కాగా ఉండాలి. ఇది ఆటలాడే విద్య కాదు. 2022లో హైదరాబాద్‌లో ఒక 50 ఏళ్ల మహిళ, బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటూ మెడను బేసిన్ మీద వెనక్కి వాల్చినందుకు మెదడుకు వెళ్లే రక్తనాళం నలిగి స్ట్రోకు వచ్చిందని న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ బయటపెడితే అందరూ ఉలిక్కిపడ్డారు. సెలూన్లలో మెడ పట్టుకుని టక్కున విరిచే అలవాటు ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు. మిర్యాలగూడలో పెట్టే బడిలో మెడ విరుపు పాఠమే ఉండకూడదు. థాయ్ పద్ధతిలో గజ్జల దగ్గర రక్తనాళాన్ని కాసేపు అదిమి వదిలే ప్రక్రియ ఒకటుంది. బీపీ ఎక్కువున్నవాళ్లకు, గుండె జబ్బు, కాళ్లలో నరాల వాపు ఉన్నవాళ్లకు అది చేయకూడదు.

ఉమ్మడి నల్గొండలో ముఖ్యంగా తీసుకోవాల్సిన జాగ్రత్త ఇంకోటి. ఫ్లోరైడ్ నీళ్లు దశాబ్దాలు తాగిన పెద్దవాళ్లు మునుగోడు, మర్రిగూడ వైపే కాదు, జిల్లా అంతటా తగులుతారు. ఫ్లోరోసిస్ ముదిరిన వెన్ను బిగుసుకుని కర్రలా ఉంటుంది. కీళ్ల చుట్టూ ఉన్న కట్లు గట్టిపడిపోతాయి. అలాంటి ఒంటిని సాగదీయబోతే నొప్పి తగ్గడం మాట దేవుడెరుగు, ఎముకకే ముప్పు. బ్యాంకాక్ పాఠ్యపుస్తకంలో ఈ అధ్యాయం దొరకదు. ఇక్కడి ఎముకల డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు కూర్చుని రాయాలి. వేళ్లతో తడిమి, వెన్ను ఎంత వంగుతుందో చూసి, ఇది నా పని కాదు, ఆస్పత్రికి వెళ్లండి అని చెప్పగలగడమే ఈ విద్యలో కష్టమైన పాఠం.

మర్దన వల్ల ఏ రోగాలూ నయమైపోవు. నడుము నొప్పికి మర్దనపై జరిగిన 25 పరీక్షలను 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. కొన్నాళ్ల పాటు కొంత ఉపశమనం కనబడుతోందని, ఆ ఆధారాలు కూడా బలహీనంగానే ఉన్నాయని తేల్చింది. అంతకుమించి బోర్డు మీద రాస్తే అబద్ధం. కొంత ఉపశమనం, హాయిగా గంట నిద్ర, గోలీ వేసుకోకుండా గడిచిన ఒక రాత్రి. హమాలీకి అది తక్కువేం కాదు.

శిక్షణ ఎంతకాలం అన్న ప్రశ్నకు జవాబు పైన చెప్పిన దేశాల్లోనే ఉంది. జపాన్‌లో మూడేళ్లు, కొరియా శిక్షణ కేంద్రాల్లో రెండేళ్లు. మనకు ఏడాదికి తగ్గకూడదు. అందులో సగం నిజమైన మనుషుల మీద చేసే పని కావాలి. 2024లో మొదలైన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ ఇలాంటి కోర్సుకు తగిన చోటు. డెహ్రాడూన్‌లోని అంధుల జాతీయ సంస్థ, హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి పునరావాసం మీద పనిచేస్తున్న ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, దేవనార్ అంధుల పాఠశాల చెయ్యి కలిపితే బ్రెయిల్, ఆడియో పాఠాలు తయారు చేయడం పెద్ద పని కాదు. అహ్మదాబాద్‌లోని బ్లైండ్ పీపుల్స్ అసోసియేషన్ చూపులేనివాళ్లకు ఫిజియోథెరపీ నేర్పి చూపించింది. ఢిల్లీలో అంధ యువతులు జర్మనీ నుంచి వచ్చిన పద్ధతిలో శిక్షణ పొంది, రొమ్ము క్యాన్సర్ గడ్డలను వేళ్లతో గుర్తించే పని చేస్తున్నారు. వేలి నేర్పుకు ఆస్పత్రిలో జీతం దొరుకుతుందని అక్కడ రుజువైంది. గురువులుగా థాయ్‌లాండ్ నుంచి చూపులేని నిపుణులనే ఇద్దరు ముగ్గురిని పిలిపించాలి. చూపులేని గురువు చెబితే చూపులేని శిష్యుడికి సగం భయం ముందే పోతుంది.  

ఆడపిల్లల సంగతి విడిగా ఆలోచించాలి. చూపులేని కుర్రాడు రైల్లోనైనా పాడుకుంటాడు, ఆడపిల్ల చాలావరకు ఇంట్లోనే ఉండిపోతుంది. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేసే హాలు, వేరే వేళలు పెడితే ఈ వృత్తిలో ముందు నిలదొక్కుకునేది వాళ్లే కావచ్చు. ఇక్కడి నొప్పుల్లో చాలా ఆడవాళ్లవే, చెప్పుకునే చోటు లేనివీ వాళ్లవే. నాట్ల కాలం ముగిశాక వారం రోజులు ఆ హాలు ఖాళీగా ఉండదని పందెం కాయొచ్చు.

డబ్బు ఎవరిస్తారన్నది అసలు ప్రశ్న. హమాలీ తన కూలిలోంచి గంటకు 300 ఇవ్వలేడు. మిల్లు యజమానులు, వ్యాపారులు, ఉద్యోగులు, అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లు ఇవ్వగలరు, వాళ్లతోనే మొదలుపెట్టాలి. మిల్లుల ముందు లారీ లైన్లుండే సీజన్లో, మిల్లర్ల సంఘం నెలకింత అని కట్టి హమాలీలకు వారానికో పూట ఏర్పాటు చేస్తే, పని మానేసే రోజులు తగ్గి వాళ్లకే లాభం. సూర్యాపేటలో దూర ప్రయాణపు బస్సులు, కార్లు ఆగే హోటళ్ల దగ్గర పాదాలకు, భుజాలకు ఇరవై నిమిషాల మర్దన చేసే రెండు చాపల దుకాణం నడవకపోవడానికి కారణం కనబడదు. సాగర్‌లో బుద్ధవనం చూడటానికి వచ్చే బౌద్ధ యాత్రికులకైతే ఈ విద్యను పరిచయం చేయాల్సిన పనే లేదు.

ప్రభుత్వం చేయాల్సినవి పెద్ద పెద్ద పథకాలేం కావు. దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం వృత్తి, వ్యాపారాలకు రాయితీ ధరపై ఇచ్చే స్థలాల్లో 5 శాతం దివ్యాంగులకు కేటాయించాలి. ఆ లెక్కన మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడు పట్టణాల్లో ఒక్కో హాలుకు జాగా అడిగే హక్కు వాళ్లకుంది. సెలూన్లకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు 2021 నుంచి అమల్లో ఉంది. అదే జీవోలో ఇంకో వాక్యం చేరిస్తే అంధుల మర్దన కేంద్రాల ఫ్యాన్లు తిరుగుతాయి. పట్టా ఉన్నవాళ్ల పేర్లు జిల్లా వెబ్‌సైటులో పెట్టి, గోడ మీద ఆ పట్టా తగిలించి ఉంచితే, అనుమానంతో వచ్చే కానిస్టేబుల్‌కు చూపించడానికి ఒక కాగితమంటూ ఉంటుంది. మచ్చలో మిగిలిన సగానికి మందు అదే.

దుకాణం ఎవరిదన్నది తొలిరోజే తేల్చుకోవాలి. చూపున్న యజమాని కింద రోజు కూలికి పదిమంది అంధులను పెట్టుకుని, బోర్డు మీద వాళ్ల వైకల్యాన్నే ప్రచారంగా వాడుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. పొదుపు సంఘాలను ఇంత దూరం నడిపించిన రాష్ట్రంలో, శిక్షణ పూర్తయిన అయిదారుగురు కలిసి సంఘం పెట్టుకుని, దివ్యాంగుల ఆర్థిక సంస్థ రుణంతో హాలు నడపడం అసాధ్యం కాదు. లెక్కలకు, రిసెప్షనుకు చూపున్న మనిషి కావాలంటే, ఆ మనిషి వాళ్లిచ్చే జీతం మీద పనిచేస్తాడు.